ముగ్గు వేసిన గడప, బొమ్మ వేసిన గోడ

సంపాదకులకు,

అయ్యా,

వీధి గోడల మీద బొమ్మలు వేయిస్తే ఊరు అందంగా ఉంటుందంటే కాదనేవారు ఉండరు. అదే బొమ్మల వల్ల గొలుసు దొంగతనాలు, తాగుబోతుల ఆగడాలు, చీకటి మూలల్లో గంజాయి బేరాలు తగ్గుతాయని ఎవరైనా అంటే మాత్రం వినేవాళ్లకు నవ్వు వస్తుంది. ముప్పై ఏళ్లు బడుల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత నెల్లూరులో కాలువ గట్టుకు దగ్గరగా ఉన్న ఒక పాత వీధిలో స్థిరపడిన నేను కూడా మొదట నవ్విన వాళ్లలో ఒకణ్ణి. బొమ్మ పిల్లలకు నేర్పవలసిన విద్యే గాని, పోలీసులు చేయవలసిన పని దానితో జరగదని అప్పట్లో నా అభిప్రాయం. ఇప్పుడు ఆ అభిప్రాయాన్ని సగం మార్చుకున్నాను. గోడ మీది బొమ్మ దొంగను ఆపదు. ఆ బొమ్మను ఎవరు వేశారు, వేసేటప్పుడు ఎంతమంది వచ్చి నిలబడ్డారు, వేసిన తరువాత దాన్ని తమదనుకునేవాళ్లు ఎందరున్నారు అన్నదాన్ని బట్టి ఆ చోట దొంగకు ధైర్యం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. మన పట్టణాల్లో గోడల బొమ్మలకు పెట్టే ఖర్చులో ఈ ఆలోచనకు చోటే ఉండడం లేదు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ సంగతి మన ఇళ్లలోని ఆడవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసే మనిషి అరగంటసేపు వీధిలో ఉంటుంది. పాలవాడు ఎప్పుడు వచ్చాడో, పేపరు కుర్రవాడి వెనకాల వస్తున్న కొత్త మనిషి ఎవరో, ఎదురింటి ముందు రాత్రంతా ఆగి ఉన్న మోటారు సైకిలు ఎవరిదో ఆ అరగంటలో ఆమె కంట పడుతుంది. ధనుర్మాసంలోనైతే వీధి వీధంతా తెల్లవారకముందే వాకిళ్లలో ఉంటుంది. మరోవైపు, ముగ్గు లేని వాకిలి ఆ ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవాళ్లందరికీ చెప్పేస్తుంది. పగలు రెక్కీ చేసి రాత్రి తాళాలు పగలగొట్టేవాళ్లు చూసుకునే గుర్తులు ఇలాంటివే: గేటు దగ్గర పోగుపడిన పేపర్లు, ఎండిపోయిన తులసికోట, ముగ్గు లేని గడప. అందుకే మా వీధిలో సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవాళ్లు తాళంచెవి ఇచ్చినా ఇవ్వకపోయినా, "మా వాకిట్లో కూడా నాలుగు గీతలు గీయి వదినా" అని పక్కింటావిడకు చెప్పి మరీ వెళతారు. తాళం వేసిన ఇళ్లలో కెమెరా పెట్టి కనిపెట్టుకుని ఉండేందుకు రాష్ట్ర పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. మంచిదే. అయితే కెమెరా దొంగ లోపలికి వచ్చాక చూస్తుంది, ముగ్గు వాణ్ణి వాకిటి దగ్గరే ఒక్క క్షణం అనుమానంలో పడేస్తుంది.

ఇక్కడ నిజం ఇంకొకటి కూడా చెప్పాలి. ముగ్గు వేస్తూ వంగి ఉన్న ఆవిడ మెడలోని గొలుసు తెంపుకుపోయిన వార్తలు కూడా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. దీపం వెలగని వీధిలో ఒక్కతే వంగి ఉన్నప్పుడు ఏ ముగ్గూ ఆమెను కాపాడలేదు; నలుగురు నాలుగు వాకిళ్లలో ఉంటే కాపాడుతుంది. గోడల బొమ్మల గురించి నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

వీధిని క్షేమంగా ఉంచేది ముందుగా పోలీసులు కాదని, ఆ వీధిలో ఇళ్లూ కొట్లూ ఉన్నవాళ్ల చూపేనని 1961లో అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ రాశారు. 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ అనే ఇద్దరు ఇంకో మాట అన్నారు: పగిలిన కిటికీని బాగుచేయకుండా వదిలేస్తే మిగతా కిటికీలూ పగులుతాయని, పట్టించుకునే నాథుడు లేడన్న గుర్తు కనబడితే నేరం అక్కడికే వస్తుందని. ఈ రెండో వాదాన్ని పట్టుకుని కొన్ని నగరాల్లో చిన్న చిన్న తప్పులకు పేదవాళ్లను పట్టి లోపల వేయడం మొదలుపెట్టారు. కిటికీ బాగుచేయమంటే కిటికీ పక్కన నిలబడ్డవాణ్ణి కొట్టమని అర్థం తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇక మా వీధి సంగతి. వీధి చివర, కాలువ వైపు మలుపులో, ఎప్పుడో మూతపడిన ఒక బియ్యం గోదాము వెనుక గోడ ఉంది. పొడవు 60 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఒక కిటికీ లేదు, తలుపు లేదు. దానికి ఎదురుగా చిల్లచెట్లు పెరిగిన ఖాళీ స్థలం. సినిమా పోస్టర్ల మీద పోస్టర్లు అంటించి అంటించి ఆ గోడకు వేలెడు మందాన అట్ట కట్టింది. సాయంత్రం ఏడు దాటితే అక్కడ క్వార్టరు సీసాలు, ఆ తరువాత మాటలు, ఒక్కోసారి కేకలు. ట్యూషను నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ మలుపు తప్పించుకుని చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవారు. గుడి నుంచి వస్తున్న మా పొరుగింటావిడ మెడలోని గొలుసును ఆ మలుపులోనే తెంపుకుపోయారు; ఆమె మెడ మీది గీరు నెల రోజులకు గాని మానలేదు. తరువాత మేమంతా చందా వేసుకుని కెమెరా పెట్టించాం. రెండో వారంలో ఎవరో రాయి విసిరారు. కెమెరా పగిలింది, ఎవరు విసిరారో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మలుపుతో మాకున్న చిక్కు మొత్తం ఆ ఒక్క ముక్కలోనే ఉంది: అక్కడ చూసేవాళ్లు లేరు.

మా వీధిలోనే ఒక బోర్డు పెయింటరు ఉన్నారు. ఒకప్పుడు సినిమా హాళ్లకు గుడ్డ బ్యానర్లు, కొట్లకు నేమ్‌బోర్డులు రాసిన చెయ్యి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఇప్పుడు ఇళ్లకు సున్నాలు, రంగులు వేస్తున్నారు. రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో, "మాస్టారూ, గోదాము గోడ గీసేద్దామా" అని ముందు అడిగింది ఆయనే. గోదాము యజమాని ఒప్పుకున్నారు. పదకొండు మంది పిల్లలు పోగయ్యారు. నేను అనుకున్నది పెన్నానది, రంగనాయకుల గుడి గోపురం, పులికాట్ కొంగలు, అంటే క్యాలెండరు మీద ఉండేవన్నీ. పిల్లలు ఒప్పుకోలేదు. వాళ్లకు కావలసింది మా వీధి మనుషులు: ఇడ్లీలమ్మే అవ్వ, చెప్పులు కుట్టే తాత, కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్, ఒక చేత్తో సైకిలు తొక్కుతూ ఇంకో చేత్తో పాలక్యాను పట్టుకునే మనిషి. పెయింటరు చాక్‌పీసు పొడి రాసిన దారం కొట్టి గోడంతా గళ్లు కట్టారు, పిల్లలు కాగితం మీది గళ్లు చూసుకుంటూ ఒక్కో గడిలో ఒక్కో ముక్క గీశారు.

ఆ గోడ దగ్గర సాయంత్రాలు కూర్చునే కుర్రవాళ్లు మొదటి రెండు రోజులు దూరం నుంచి ఎగతాళి చేశారు. మూడో రోజు వాళ్లలో ఒకడు వచ్చి, తల గోక్కుంటూ, "సార్, మా అమ్మమ్మ బర్రెను వేయొచ్చునా" అని అడిగాడు. వాళ్లమ్మమ్మ చనిపోయి ఏడాది అయింది. పాలు అమ్మి వీణ్ణి పెంచింది. గోడ చివర నాలుగు అడుగుల చోటు ఇచ్చాం. వాడు మొదట కొమ్ములు పైకి నిలబెట్టి గీశాడు, మళ్లీ తనే చూసుకుని, "మా బర్రెవి ఇట్టా లోపలికి తిరిగుంటాయి" అని తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ గీశాడు. ఒక కొమ్ము మీద గంటసేపు కూర్చున్నాడు. చీకటి పడినా వదలకపోతే ఎదురింటి వాళ్లు వరండాలోంచి తీగ లాగి బల్బు కట్టారు. ఆ బల్బు ఆ తరువాత ఎవరూ తీయలేదు. వాడి స్నేహితులు ఇద్దరు బక్కెట్లు మోశారు. ఒకరోజు వాళ్ల అమ్మలు వచ్చి చూసి, కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ నిలబడ్డారు. అదే గోడ దగ్గర ఆ తల్లులు నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ బొమ్మలు పూర్తయిన నెలకే ఒకావిడ ఆ మలుపులో దోసెల బండి పెట్టుకున్నారు; గోడ శుభ్రంగా ఉంది, దీపం ఉంది, చూడడానికి వచ్చే జనం ఉన్నారు గనుక. మేము అర్జీలు పెట్టుకోగా పెట్టుకోగా వీధిదీపం కూడా వెలిగింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆ మలుపులో గొలుసు తెంపిన సంఘటన మళ్లీ జరగలేదు. దానికి కారణం బొమ్మలేనని నేను అనను. రాత్రి పది దాకా పెనం మీద అట్లకాడ చప్పుడు వినిపించే చోట దొంగ ఆగడు, అంతే. కాని ఆ బండి అక్కడికి రావడానికి మాత్రం గోడే కారణం. సీసాలు పూర్తిగా పోయాయా అంటే పోలేదు, ఖాళీ స్థలం అవతలి అంచుకు జరిగాయి. బర్రె బొమ్మ మీద ఇంతవరకు ఎవరూ ఉమ్మలేదు, పోస్టరు అంటించలేదు.

పనిలో చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి, ఇంకొక వీధివాళ్లకు పనికొస్తుంది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో పాత ఇటుక గోడలకు చవుడు పడుతుంది. మేము ఆత్రంలో దాన్ని పైపైన గీకి రంగు వేశాం. కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వాన పట్టగానే కింది రెండు అడుగుల మేర రంగు పొక్కులు లేచి రాలింది. ఇడ్లీ అవ్వ కాళ్లు పోయాయి. చవుడు పట్టిన చోట తీగ బ్రష్‌తో ఇటుక కనబడేదాకా గీకి, ఆ చెక్కు తీసేసి, కొత్తగా పూత పూసి, అది బాగా ఆరాక ప్రైమరు కొట్టి, ఆ పైన బయటి గోడలకు వాడే ఎమల్షను రెండుసార్లు వేస్తేనే నిలుస్తుంది. మాఘం నుంచి వైశాఖం దాకానే ఈ పనికి కాలం. బిల్లులు చేసుకునే తొందరలో అక్టోబరులో గోడలు గీయించేవాళ్లు వానకు డబ్బు పోస్తున్నట్టే.

ఇలాంటి పనిని ఒక నగరం నలభై ఏళ్లుగా చేస్తూ ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కుర్రవాళ్లు దొరికిన గోడ మీదల్లా పేర్లు, పిచ్చిగీతలు గీస్తుంటే 1984లో మేయరు విల్సన్ గూడ్ దానికి ఒక విభాగాన్ని పెట్టారు. ఆ కుర్రవాళ్లను శిక్షించడంతో సరిపెట్టకుండా, వాళ్లతోనే గోడలకు బొమ్మలు వేయించే బాధ్యతను జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణికి అప్పగించారు. గీతలు గీసే చేతికి గీయడం వచ్చునన్న సంగతిని ఆమె పట్టుకున్నారు. 1996 నుంచి అది మ్యూరల్ ఆర్ట్స్ అనే పేరుతో నడుస్తూ ఆ నగరంలో వేలకొద్దీ గోడలను నింపింది. అక్కడ నాకు నచ్చినది బొమ్మల సంఖ్య కాదు. గోడకు కుంచె తగలకముందు ఆ పేటవాళ్లను కూర్చోబెట్టి, ఏ బొమ్మ కావాలో వాళ్లతో తేల్చుకోవడం వాళ్ల పద్ధతి. ఇంకొకటి: జైళ్లలో ఉన్నవాళ్లతో ప్యారాషూట్ గుడ్డ అనే పలుచని గుడ్డ మీద ముక్కలు ముక్కలుగా బొమ్మలు వేయించి, ఆ ముక్కలను తెచ్చి ఊళ్లో గోడకు అతికిస్తారు. నేరం చేసినవాళ్లు, నేరం వల్ల నష్టపోయినవాళ్లు కలిసి పనిచేసిన గోడలు కూడా అక్కడ ఉన్నాయి. మనకు చెముడుగుంటలో జైలు ఉంది. అక్కడివారితో ఇలా గుడ్డ మీద వేయించి, నగరంలో గోడలకు అతికించడం అసాధ్యమేమీ కాదు. కావలసినది గుడ్డ, రంగు, వారానికి రెండు పూటలు వెళ్లగల ఒక మాస్టారు. అందుకు నేను సిద్ధంగా ఉన్నాను.

అమెరికా దాకా ఎందుకనుకుంటే మద్రాసు చూసి రావచ్చు. అక్కడ తొరైపాక్కంలోని కన్నగి నగర్, నదుల ఒడ్డునా మురికివాడల్లోనూ ఉన్న పేదలను 2000 నుంచి తెచ్చి దింపిన పునరావాస కాలనీ. నేరాల కాలనీ అన్న ముద్ర పడి, ఆ చిరునామా చెబితే ఉద్యోగం ఇచ్చేవాళ్లు కూడా వెనకాడేవారు. 2020లో చెన్నై నగరపాలక సంస్థ, స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే వీధిబొమ్మల సంస్థ కలిసి అక్కడి బహుళ అంతస్తుల పక్కగోడల మీద నిలువెత్తు బొమ్మలు వేయించాయి. హైదరాబాదులో రాజ్‌భవన్‌కు దగ్గరలోని ఎం.ఎస్. మక్తా బస్తీలోనూ ఆ ఫౌండేషనే ఇలాంటి పని చేసింది. కన్నగి నగర్ వంటి చోట బొమ్మ చేసే మేలు నా దృష్టిలో దొంగను తరమడం కాదు, మిగతా నగరం ఆ కాలనీ లోపలికి అడుగు పెట్టేలా చేయడం. మన నెల్లూరులో ఊరికి దూరంగా పేదలకోసం ప్రభుత్వం వరుసలు వరుసలుగా కట్టిన టిడ్కో ఇళ్లకు రేపు అలాంటి ముద్ర పడకముందే ఈ ఆలోచన చేయడం మంచిది. అన్నీ ఒకే రంగు బ్లాకులు, ఒకే రకం మెట్లు. చీకటి పడితే తమ బ్లాకును తామే గుర్తుపట్టలేమని అక్కడి ముసలివాళ్లు అంటుంటారు. బ్లాకుకొక బొమ్మ ఉంటే కనీసం అంబులెన్సుకు దారి చెప్పవచ్చు.

ఇప్పుడు మన పట్టణాల్లో సాధారణంగా జరుగుతున్న పద్ధతి చూడండి. చదరపు అడుగుకు ఇంత అని టెండరు. కాంట్రాక్టరు మనుషులు నాలుగు స్టెన్సిళ్లతో వస్తారు: రెండు అరచేతుల్లో మొక్క, భూగోళం, చీపురు పట్టుకున్న పాప, గాంధీగారి కళ్లద్దాలు. రెండు రోజుల్లో కిలోమీటరు గోడ నిండిపోతుంది, ఫొటోలు తీస్తారు, స్వచ్ఛ నగరాల ర్యాంకులకు పంపిస్తారు. ఆ గోడ ఎదుట కాపురం ఉండేవాణ్ణి ఎవరూ ఒక్క మాట అడగరు. మూడో నెలలో భూగోళం మీద కోచింగ్ సెంటరు పోస్టరు వెలుస్తుంది, ఎవరికీ పట్టదు. బహిరంగ ప్రదేశాలను ఇలా పాడుచేయకుండా 1997లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని అతిక్రమించే పోస్టర్లలో సగం మీద నాయకుల ముఖాలే ఉంటే, దాన్ని ఎవరి మీద అమలు చేస్తారు?

గోడకు దేవుళ్ల టైల్స్ అంటించే అలవాటు గురించి కూడా ఒక మాట. మూత్రం పోయకుండా వెంకటేశ్వరస్వామిని, పక్కనే మక్కాను, సిలువను వరుసగా అతికిస్తారు. మనిషి పది అడుగులు అవతలికి జరిగి అదే పని చేస్తాడు. భయపెట్టి కాపాడిన గోడ అంతవరకే కాపాడుతుంది. దేవుణ్ణి ఆ పనికి కాపలా పెట్టడం నా మనసుకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

బొమ్మతో పాటు దీపం, నేల కూడా బాగుపడాలనడానికి గట్టి లెక్కలు ఉన్నాయి. ఫిలడెల్ఫియాలోనే 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిన విభజించి, కొన్నింటిలో చెత్త ఎత్తి, నేల చదును చేసి, గడ్డి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ పొట్టి కర్ర కంచె వేశారు. కొన్నింటిని శుభ్రం మాత్రమే చేశారు. కొన్నింటిని అలాగే వదిలేశారు. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, బాగా పేద పేటల్లో ఇలా బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాలు కొన్నింటిలో 2016లో అదనపు దీపాలు పెడితే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయని తేల్చారు. ఈ రెండు లెక్కల్లోనూ బొమ్మ లేదు, నేల ఉంది, దీపం ఉంది. అందువల్ల చిల్లచెట్లు కొట్టకుండా, దీపం వేయకుండా గోడ ఒక్కటీ గీయించి నేరాలు తగ్గుతాయని ఎవరైనా ప్రకటిస్తే నమ్మనవసరం లేదు. బొమ్మ వల్ల జరిగేది, ఆ దీపం పగిలితే అడిగే మనుషులు తయారు కావడం.

కనుక నగరపాలక సంస్థకు నా మనవి ఇది. రైలు కట్ట కింద విజయమహల్ గేటు, రామలింగాపురం, మాగుంట లేఅవుట్ వైపు దాటే అండర్ బ్రిడ్జీలు, జాఫర్ సాహెబ్ కాలువ వెంట ఉన్న సందులు, ఇలాంటి చోట్లలో ముందుగా ఒక మూడింటిని తీసుకోండి. నగరమంతా ఒకేసారి వద్దు. ఆ చోట్లకు దగ్గరలో ఉన్న పోలీసు స్టేషను నుంచి గడిచిన రెండేళ్ల ఫిర్యాదులను ముందే రాయించుకుని, పని అయిన ఏడాదికి మళ్లీ పోల్చి, ఫలితం ఎలా ఉన్నా పత్రికల్లో ప్రకటించండి. అండర్ బ్రిడ్జీలకు లేత రంగు నేపథ్యం వేయించండి. ముదురు రంగులు ఉన్న వెలుతురును కూడా మింగేస్తాయి, ఎదురుగా వచ్చే మనిషి ముఖం కనబడదు. చదరపు అడుగు లెక్కన కాకుండా, ఫ్లెక్సీల వల్ల పని పోయిన బోర్డు పెయింటర్లకు రోజు కూలీ లెక్కన డబ్బు ఇచ్చి, ఒక్కొక్కరి కింద ఆ వీధి పిల్లలు పదిమందిని పెట్టండి. వాళ్లలో బడి మానేసి ఆ మూలలోనే కూర్చునే కుర్రవాళ్లు తప్పకుండా ఉండాలి. బొమ్మ ఏదో వార్డు కార్యాలయంలో కాదు, ఆ గోడ ముందే చాప పరిచి తేల్చాలి. నాయకుల ముఖాలు వద్దని ఆ చాప మీదే ఒప్పందం రాసుకోవాలి. రాలిన రంగును ఏటా సరిచేయడానికి కొంత డబ్బు మొదటి అంచనాలోనే వేసుకోవాలి.

పిల్లలకు సెలవులు వేసవిలో గనుక, చాప పరిచే పని సంక్రాంతి దాటగానే మొదలు కావాలి, చవుడు గీకడం మాఘంలోనే పూర్తి కావాలి. మా గోదాము గోడకు ఈ ఏడు కింది భాగం చెక్కు తీసి కొత్త పూత పూయిస్తున్నాం. ఇడ్లీ అవ్వకు కాళ్లు పెట్టాలి, బర్రెకు తోక అంచు రాలింది. ఆ అబ్బాయి ఇప్పుడు ఒక మెకానిక్ షెడ్డులో పనికి పోతున్నాడు, ఆదివారం అయితేనే వస్తానని, తోక మాత్రం ఇంకెవరి చేతా వేయించవద్దని కబురు పెట్టాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
నెల్లూరు.